బుధవారం పాటల గంట

హిందూపురంలో పొద్దున ప్యాసింజర్ ఎక్కితే పెనుకొండ వచ్చేలోపు కళావతి సాధకం అయిపోయేది. పెదవులు కదలవు, గొంతు మాత్రం కదులుతుంది. ఎదురుగా చింతపండు గంపలతో కూర్చునే ఆడవాళ్లు మొదట్లో ఆమెకేదో జబ్బనుకున్నారు. తర్వాత అలవాటై, ఆమె కళ్లు మూసుకోగానే తమ మాటలు తామే తగ్గించుకునేవాళ్లు. ధర్మవరంలో దిగి, పట్టుచీరల దుకాణాల మధ్య నుంచి నడిచి, నేతగాళ్ల వీధి చివరనున్న బడికి చేరుకునేది.

నాయన పెళ్లిళ్లకు డోలు వాయించేవాడు. మేళం విన్నవాళ్లంతా తినేసి పోయాక చివరి పంక్తిలో కూర్చోబెట్టే బతుకు. కూతురికి ఆ బతుకు వద్దని, సంగీతం పరీక్షలు రాయించి కాగితాలు చేతికిప్పించాడు. ఆ కాగితాలు చూసి హిందూపురంలో ఒక ప్రైవేటు బడి ఆమెను తీసుకుంది. అక్కడ పిల్లలకు ఇంట్లోనే కీబోర్డులుండేవి. వార్షికోత్సవానికి రికార్డు పెట్టి పెదాలు ఆడిస్తే చాలని యాజమాన్యం తేల్చుకున్నాక కళావతి అక్కర్లేకుండా పోయింది. ధర్మవరం బడిలో పాటల మేష్టరు రిటైరై ఏళ్లయినా ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టలేదు. వారానికి ఒక్క గంటకు, తాత్కాలికంగా, ఆమెను పిలిచారు. డబ్బున్నవాళ్ల పిల్లలు పాడితే ప్రతిభ, లేనివాళ్ల పిల్లలు పాడితే చదువు ఎగ్గొట్టడం. ఈ లోకరీతి తెలిసినా ఆమె ఒప్పుకుంది.

ఆ గంటకిచ్చిన గదిని చూస్తేనే తెలుస్తుంది బడిలో పాట విలువెంతో. గది వెనక గోడకు ఆనుకునే జయరాముడి పవర్‌లూమ్ షెడ్డు. పొద్దున మొదలైతే సాయంత్రం దాకా టకటకటకమని ఆడుతూనే ఉంటాయి మగ్గాలు. పాఠం వినబడదని అయ్యవార్లెవరూ ఆ గదిలోకి పోరు. అందుకని పాటకిచ్చారు!

ఏడాది తిరిగేసరికి పిల్లలు గొంతు విప్పారు. సరళీ స్వరాలు మూడు కాలాల్లోనూ పట్టుబడ్డాయి. తాళం మారదు, స్వరాలు మాత్రం రెండో కాలంలో రెట్టింపు, మూడో కాలంలో దానికీ రెట్టింపు. పెద్ద పెద్ద ఇళ్ల పిల్లలు తడబడిన చోట ఈ నేతగాళ్ల పిల్లలు గడియారంలా నడిచేవాళ్లు. కళావతి తొడమీద తాళం వేస్తూ, ఇది నా చెయ్యి మహిమే అనుకునేది. ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

ఒకరోజు హెడ్‌మిస్ట్రెస్ పద్మజ ఆమెను పిలిచింది. పద్మజ లెక్కల టీచరుగా ఉండి ఆ కుర్చీకి వచ్చిన మనిషి. ఏది అడిగినా కూడికలు తీసివేతలే.

"వచ్చే బుధవారం పై నుంచి సార్ వస్తాండారు కళావతీ. పిల్లోళ్లు బాగా పాడితే పాటల గంట వచ్చే ఏడు కూడా ఉంటాది. ల్యాకుంటే పదో తరగతి లెక్కలకు పోతాది. నన్ను తిట్టుకోవద్దు."

"తిట్టుకోను మేడమ్. పాడతారు."

ఆ మాట అన్నప్పటి నుంచి ఆమెకు రెండు దిగుళ్లు పట్టుకున్నాయి. గంట పోతే తనకు ధర్మవరంలో పనిలేదు, అది ఒకటి. పిల్లలకు మళ్లీ పాటే ఉండదు, అది ఇంకొకటి. ఈ రెంటిలో ఏది ఎక్కువ బాధో తేల్చుకోలేక రైల్లో సాధకం కూడా మానేసింది.

బుధవారం పొద్దున్నే, బడిలోకి పోకముందే, జయరాముడి షెడ్డుకు పోయింది.

"అన్నా, ఈ పొద్దు పదకొండు గంటలప్పుడు సార్ పాట వినడానికి వస్తాండాడు. కాసేపు మగ్గాలు ఆపితే నీకు పుణ్యముంటాది."

జయరాముడు చెయ్యి చెవి వెనక పెట్టుకుని రెండుసార్లు చెప్పించుకున్నాడు. "పుణ్యమేమొద్దులే గానీ, నా మనవడు కూడా నీకాడే పాడతాండాడు కదా. ఆపుతాలే పో" అన్నాడు.

పదకొండింటికి అధికారి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన పద్మజ. పిల్లలు రెండు వరసలుగా నిలబడ్డారు. ముందు వరస చివర దీపిక. ఆ పిల్ల ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. గోడ అవతల మగ్గాలు ఒకటొకటిగా ఆగిపోయాయి. ఏడాదిలో మొదటిసారి ఆ గది నిశ్శబ్దమైంది. ఫ్యాను తిరుగుడు కూడా వినిపించింది. కళావతి గుండె కుదుటపడింది.

మొదటి కాలం ఎలాగో గడిచింది. రెండో కాలం దగ్గర వరస చెదిరింది. కొందరు ముందుకు పరిగెత్తారు, కొందరు వెనకబడ్డారు. ఒక పిల్లవాడు మధ్యలో నోరు మూసేశాడు. కళావతి బల్ల మీద గట్టిగా తాళం కొట్టింది. ఎవరూ ఆమె చేతివైపు చూడలేదు. అందరి చూపులూ వెనక గోడమీద ఉన్నాయి. పాట ముక్కలై ఆగిపోయింది.

అధికారి ఫోను తీసి చూసుకున్నాడు.

"ఏమ్మా దీపికా, గోడలో ఏముండాది?" కళావతి అడిగింది.

"మగ్గం ఆగిపోయిండాది మేడమ్. యాడ ఎత్తుకోవల్లో తెలీలా."

కళావతికి అప్పుడు తెలిసింది. ఏడాదిపాటు పిల్లలు తన చేతిని చూసి పాడలేదు, గోడను విని పాడారు. ఆమె చెయ్యి కూడా తనకు తెలియకుండా ఆ మగ్గం వెంటే పోయింది. గోడ నోరు ఈ పొద్దు తనే పోయి మూయించి వచ్చింది.

"సార్, ఐదు నిమిషాలు" అని, జవాబుకు ఆగకుండా బయటికి పరిగెత్తింది.

షెడ్డు అరుగుమీద జయరాముడు టీ తాగుతున్నాడు. లోపల మనుషులెవరూ లేరు.

"అన్నా, మగ్గాలు ఆడించన్నా! బిరీన!"

"ఏమ్మా, తమాషానా? పొద్దున ఆపమంటివి, ఇప్పుడు ఆడించమంటావు. పనోళ్లు పుణ్యానికి దొరికిన సెలవని టిఫిన్‌కు పోయినారు. ఒక్కో మగ్గం కాడికి పోయి నూలు కండె ఎక్కించల్ల, నాకు మోకాళ్ల నొప్పి, ఒక్కణ్నే యాడ ఆడించేది?"

ఆమె వెనక్కి తిరిగింది. అప్పుడు భుజంమీద రెండుసార్లు చెయ్యి పడింది. టక్, టక్. ఉలిక్కిపడి చూసింది.

"ఏం చేసేది, అలవాటమ్మా" అన్నాడు జయరాముడు సిగ్గుపడుతూ. "మగ్గం ఆడేటప్పుడు మా ఇండ్లల్లో నోటితో పిలిస్తే ఎవరికి ఇనపడతాది? భుజం తట్టాల్సిందే. నీళ్లు తాగిపో, మొగం ఎట్లయిపోయిందో చూడు."

నీళ్లు తాగలేదు. వచ్చినదాని కంటే వేగంగా తిరిగి పోయింది.

అధికారి లేచి నిలబడి ఉన్నాడు. పద్మజ మొహంలో ఆ గంట అప్పటికే లెక్కల్లో కలిసిపోయింది.

"ఒక్క తూరి సార్" అంటూ కళావతి పిల్లలను పక్కకు తిప్పి, ఒకే వరసగా ఒకరి వెనక ఒకరిని నిలబెట్టింది. "ముందుండే వాళ్ల భుజం మీద చెయ్యి పెట్టండి. వెనకనుంచి దెబ్బ వస్తే ముందుకి పంపల్ల. ఇంట్లో నాయనను ఎట్ల పిలుస్తారో అట్లే."

"గట్టిగా కొట్టొచ్చా మేడమ్?" ఎవడో కొంటెగా అడిగాడు.

"కొడితే నీ ఈపు పగులుతాది."

తను చివర నిలబడి దీపిక భుజం తట్టింది. దీపిక ముందువాడిని తట్టింది. దెబ్బ ఒక భుజం నుంచి ఇంకో భుజానికి పాకి వరస కొసకు చేరింది. మొదట్లో కొస ఆలస్యంగా కదిలింది. కళావతి తడుతూనే ఉంది. కాసేపటికి అన్ని చేతులూ ఒక్కసారే లేచి ఒక్కసారే పడ్డాయి. దీపిక ఎత్తుకుంది. మొదటి కాలం నిలబడింది. రెండో కాలం నిలబడింది. మూడో కాలంలో ఇద్దరు తప్పిపోయారు, కానీ భుజాల మీది చేతులు ఆగలేదు. ఆ చేతుల్ని పట్టుకునే ఆ ఇద్దరూ మళ్లీ వచ్చి కలిశారు.

అధికారి నవ్వలేదు, చప్పట్లు కొట్టలేదు. "పర్లేదు. గంట ఉంచండి. కానీ వారం మధ్యలో వద్దు, శనివారం ఆఖరి గంటకు మార్చండి" అని పద్మజతో చెప్పి బయటికి నడిచాడు.

పిల్లలు కేరింతలు కొట్టారు. దీపిక మాత్రం కొట్టలేదు.

"శనివారం ఆఖరి గంట మేము ఉండం మేడమ్. ఆ పొద్దు మధ్యాన్నమే ఇంటికి పోయి కండెలు చుట్టల్ల. సోమవారం మగ్గానికి నూలు అందీయల్ల కదా. ఈ వీధిలో అందరిదీ అంతే."

పిల్లల్లేని గంట! ఇచ్చినట్టే ఇచ్చి తీసుకోవడం అంటే ఇదే. తెలిసి చేసినా తెలియక చేసినా ఫలితం ఒకటే. కళావతి జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి ఎరుగదు. నాయన డోలు సంచీతో పందిరి బయట నిలబడినట్టే తనూ ఎప్పుడూ పిలుపు కోసం నిలబడింది. ఆ రోజు మాత్రం పోయి కారు తలుపు పట్టుకుంది.

"సార్, శనివారం వద్దు. బుధవారమే ఉండల్ల."

"ఇచ్చింది తీసుకోమ్మా. బుధవారం ఆ గంటకు లెక్కలు కావాలని మీ మేడమే రాసిచ్చారు."

"శనివారం ఒక్క పిల్లోడు ఉండడు సార్. గోడలకు నేర్పల్లా నేను?"

తలుపు వదల్లేదు. డ్రైవరు ఇంజను స్టార్ట్ చేసి ఆమె చేతివైపు చూశాడు. అధికారి మొహం ఎర్రబడి పద్మజ వైపు తిరిగింది. ఆమె కూడికలూ తీసివేతలూ కళావతికి ఎదురుగా కనబడుతూనే ఉన్నాయి.

"బుధవారమే ఉండనీండి సార్" అంది చివరికి. "లెక్కలు పొద్దున బడికి ముందు నేనే చెప్పుకుంటాలే."

కారు పోయింది. దుమ్ము సద్దుమణిగాక పద్మజ కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఊరికే ఇచ్చినా అనుకోవద్దు. ప్రేయర్ పాట రోజూ పాడు చేస్తాండారు పిల్లోళ్లు. అది కూడా నువ్వే చూసుకోవల్ల. తొమ్మిదికి ముందే వచ్చే రైలుండాదా నీకు?"

"ఉండాది మేడమ్" అంది కళావతి, ఉందో లేదో తెలియకుండానే.