పాత కంప్యూటర్లో హంస అంచు

పెళ్ళయి ఆరేళ్ళయినా మా అత్తమ్మ నాతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. కోపం ఉండి కాదు. అల్లుడి ఎదుట పడి మాట్లాడకపోవడం వాళ్ళింటి పద్ధతి. గద్వాలలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా నేను తింటుంటే ఆమె తలుపు చాటున నిలబడి, నెత్తిమీదికి కొంగు లాక్కుని, నా భార్యతో అనేది: "ఇంకింత పప్పేసుకొమ్మనవే." ఆ మాట నాకు వినబడుతూనే ఉండేది. అయినా నా భార్య నావైపు తిరిగి మళ్ళీ చెప్పేదాకా ఆగి, "చాలని చెప్పు" అనేవాణ్ణి. పెరుగన్నం దాకా ఇదే వరస. ఇంత చిన్న ఇంట్లో ఇంత పెద్ద చుట్టుదారి ఎందుకని నాకు ఒక్కోసారి ఒళ్ళు మండేది.

నేను వనపర్తిలో లెక్కల సారును. తప్పు కనబడితే చేయి ఊరుకోదు. పెళ్ళి పత్రికల్లో అచ్చు తప్పులు కూడా దిద్దేవాణ్ణి. తొంభైల నడిమిలో ఒకసారి హైదరాబాదు వెళ్ళి, పాత సామాన్ల అంగట్లో ఒక కంప్యూటరు కొనుక్కొచ్చాను. అప్పటికే అది ముసలిది. ఆకుపచ్చ అక్షరాల తెర, రెండు ఫ్లాపీ డ్రైవులు, హార్డ్‌డిస్క్ లేదు. జతగా వచ్చిన ప్రింటరు పని చేసేటప్పుడు వీధంతా వినబడేలా అరిచేది. దాన్ని నడిపించే డాస్ ఫ్లాపీ ఒక్కటే ఇచ్చారు, ఇంకే ప్రోగ్రామూ లేదు. ఆన్ చేస్తే తెర మీద ఒక చిన్న గీత మినుకుమంటూ ఉండేది, అంతే.

"గిదేం జేస్తది?" అనడిగింది నా భార్య.

"ఏదన్న జేస్తది."

"జేసిననాడు చెప్పు," అని దాని మీద అల్లికల గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టింది.

ఆ పూలకుండీ దిగడానికి కారణం మా మామ. ఆయన నేతగాడు. నలభై ఏళ్ళకు పైగా మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మనిషి. ఆ ఏడు రెండు కళ్ళకూ ఆపరేషన్ అయింది. మోకాళ్ళు అంతకుముందే మొరాయించాయి. ఒక ఆదివారం మేము వెళ్తే నన్ను వాకిట్లోకి తీసుకుపోయి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇంకొక్క చీర నేసి మగ్గం దిగుత అల్లుడా. మీ అత్తమ్మ పెండ్లి చీర ఉండె చూడు, గా హంసల అంచుది. మల్ల అసొంటిదే నెయ్యాలె."

ఆ చీర ఆయనే నేసింది, పెళ్ళికి ముందు. ఎర్రటి పట్టు అంచు మీద జరీ హంసలు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. ఇప్పుడది ట్రంకు పెట్టెలో మడతల దగ్గర పిగిలిపోతోంది. అదే అంచుతో కొత్త చీర నేసి అత్తమ్మకు ఇవ్వాలని ఆయన కోరిక. "ఆమెకు మాత్రం చెప్పకు. చీరలు కొనే సేటు అడిగిండని చెప్పిన," అన్నాడు.

చిక్కేమిటంటే ఆ అంచు బొమ్మ ఎక్కడా లేదు. పాత రోజుల్లో ఏ దారాలు లేవాలో ముందే ముడులు వేసి మగ్గానికి కట్టుకునేవారు, దాన్ని జాల అనేవారు. ఆ జాలను ఎలుకలు ఎప్పుడో కొరికేశాయి. ఇప్పుడు పని చిల్లుల అట్టలతో నడుస్తుంది. మగ్గం మీద అట్టలు తిరుగుతుంటే చిల్లుల ప్రకారం దారాలు లేస్తాయి. అట్టలు కొట్టే ఆయనకేమో గళ్ళ కాగితం మీద ఒక్కో దారానికీ ఒక్కో గడి చొప్పున బొమ్మ గీసి ఇవ్వాలి. ఆ సన్న గళ్ళు మామకు ఇక కనబడవు.

"గ్రాఫు లేకుంటె అట్టల్లేవు. అట్టల్లేకుంటె చీర లేదు," అన్నాడు. ఆయన ముఖం చూసి ఆగలేకపోయాను. వెంటనే నోరు జారాను.

"గళ్ళే గద మామా! నా కంప్యూటర్ల ఉన్నయన్ని గళ్ళే."

అందులో ఒక్క గడి కూడా లేదు. స్ప్రెడ్‌షీట్ అనే ప్రోగ్రాము ఉంటే తెర నిండా గళ్ళు వస్తాయని పుస్తకంలో చదివాను, అంతే. నిజానికి అదీ, వివరాలు దాచుకుని అడిగినప్పుడు వెతికిచ్చే డేటాబేసూ బడి పనికి కావాలనే కంప్యూటరు కొన్నది. ఇప్పుడు మాట ఇచ్చేశాను కాబట్టి కాలికి బలపం కట్టుకుని తిరగాల్సి వచ్చింది.

ముందు నాగర్‌కర్నూల్లో కంప్యూటరు నేర్పే చోటికి వెళ్ళాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే, చల్లటి గదిలో ఉన్న ఆయన నా మిషను వివరాలు విని జాలిగా చూశాడు. "సార్, ఇప్పటి సాఫ్ట్‌వేర్లు దానిమీద ఎక్కయి. పరేషాన్ గాకుండ్రి, కొత్తది తీస్కోండ్రి." బస్సు దిగేదాకా ఆయన్ను తిట్టుకుంటూనే ఉన్నాను.

తరువాత ఒక పాత పత్రికలో దారి దొరికింది. కొన్ని ప్రోగ్రాములను తయారుచేసినవాళ్ళే ఎవరైనా ఉచితంగా కాపీ చేసుకోవచ్చని వదిలేస్తారట. బెంగుళూరులో కొందరు కంప్యూటరు పిచ్చివాళ్ళు కలిసి, ఖాళీ ఫ్లాపీలు పంపితే వాటిని ఎక్కించి ఇస్తారట. ఉత్తరం రాశాను. పది రోజులకు కార్డు వచ్చింది. మీ మిషనుకు సరిపోయే స్ప్రెడ్‌షీటూ డేటాబేసూ రెండూ ఉన్నాయి, పోస్టులో వంగిపోతాయి కాబట్టి మనిషితో పంపండి అని. ఆ కార్డును నా భార్యకు రెండుసార్లు చదివి వినిపించాను.

మనిషి కొత్తకోట డాబాలో దొరికాడు. వారానికోసారి బెంగుళూరు వెళ్ళే లారీ డ్రైవరు, చాయ్ దగ్గర పరిచయం. ఖాళీ ఫ్లాపీలు పట్టుకుపోయి, వారం తిరిగేసరికి నిండినవి తెచ్చిచ్చాడు. పరుగున ఇంటికొచ్చి పెడితే, చదవలేనంది కంప్యూటరు. ఒక్కటీ చదవలేదు. అరికాలి మంట నెత్తికెక్కి మళ్ళీ కొత్తకోట పోయాను.

"యాడ వెట్టినవన్నా ఇవి?"

"పైలంగ ఉండాలని దేవుని పాదాల కాడ్నే వెట్టిన సార్," అన్నాడు పాపం. డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ కదలకుండా అడుగున ఇంత అయస్కాంతం ఉంది. దాని దెబ్బకు ఫ్లాపీల్లో ఉన్నదంతా బెంగుళూరు దాటకముందే తుడిచిపెట్టుకుపోయి ఉంటుంది. ఆ భక్తిని చూశాక తిట్టడానికి నోరు రాలేదు. రెండోసారి ఆయన తువ్వాలలో చుట్టి, అన్నం డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. పచ్చడి వాసన వేశాయి గాని పని చేశాయి.

ఇంట్లో పూలకుండీ దిగింది. తెర మీద ఆకుపచ్చ గళ్ళు చూసి నేను చేసిన హడావుడి చెబితే ఇప్పుడు సిగ్గేస్తుంది.

దసరా సెలవుల్లో కంప్యూటరును బస్సులో గద్వాలకు తీసుకుపోయాం. తెర నా ఒళ్ళో, ప్రింటరు నా భార్య ఒళ్ళో. మగ్గం పక్కనే పీట మీద దాన్ని పెట్టి, పొద్దున్నే పని మొదలుపెట్టాం. చీరలో దారాలు లెక్కపెట్టేదెవరు? మామ కళ్ళు పనికిరావు, నాకు పడుగూ పేకా తేడా తెలియదు. పుట్టినప్పటి నుంచి కండెలు చుట్టిన చేతులు అత్తమ్మవి. ఆమె తన పెళ్ళి చీర అంచును ఒళ్ళో పరుచుకుని, భూతద్దం పట్టుకుని, సూది మొనతో ఒక్కో దారం కదిలిస్తూ చెప్పేది. అదీ నాకు కాదు, నా భార్యకు.

"మూడు విడువు, ఐదు పట్టు, ఒకటి విడువు అని చెప్పవే."

"మూడు విడువు, ఐదు పట్టు, ఒకటి విడువు," అనేది నా భార్య.

విడిచిన గడి ఖాళీ, పట్టిన గడిలో ఒక X. రెండు రోజులు ఇదే. మొదటి హంస పూర్తయి, దాని మెడ, ముక్కు, జరీ మధ్య ఖాళీ గడిగా దాని కన్ను తెర మీద కనబడగానే నేను చప్పట్లు కొట్టాను. అత్తమ్మ చీరను ముందుకు జరిపి రెండో హంస మీద సూది పెట్టింది.

"ఇంగ వద్దు. ఒక్కటి చాలని చెప్పు మీ అమ్మకు," అన్నాను. "మిగిలినయి మిషనే ఏస్తది."

"అన్నీ ఒక్క తీరు లేవని చెప్పవే," అంది అత్తమ్మ మెల్లగా.

"అంచన్నంక ఒక్క తీరే ఉంటయి. చాలని చెప్పు!" అని విసుక్కున్నాను. నా భార్య ఇటూ అటూ చూసింది. అత్తమ్మ సూదిని దిండుకు గుచ్చి, చీర మడతపెట్టేసింది. నేను ఆ ఒక్క హంసనే కాపీ చేసి వరుసగా పన్నెండు హంసలను నిలబెట్టాను.

ప్రింటరు అరుస్తూ కక్కిన కాగితం చూసి నా ప్రాణం ఉసూరుమంది. అక్షరాలకు వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ కదా, హంసలన్నీ సాగి కొంగలయ్యాయి. నా భార్య పడీపడీ నవ్వింది. మామ మాత్రం కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకుని, వేలితో తడిమి, "పొడుగుంటె ఉండనీ. పేక కొడ్తే దగ్గరికొస్తది. గ్రాఫు మీద గిట్లనే ఉంటది," అన్నాడు. నాకు తెలియకుండానే ఒప్పు చేశాను. ఆ తరువాత ఆయన ఆ పన్నెండు హంసలనూ ఒక్కొక్కటీ చూసి, ఒకదాని మీద వేలు ఆపి, కాగితం చుట్టేశాడు.

అట్టలు తయారయ్యేలోగా డేటాబేసు మొదలుపెట్టాను. ఆయనకు గుర్తున్న అంచులన్నీ చెప్పమని, పేరు, దారాలెన్ని, ఎవరికి నేసింది అని ఎక్కించాను. చివర్లో గమనిక అని ఒక గడి పెట్టాను గాని, అందులో ఏం రాయాలో తోచలేదు. ఖాళీగానే వదిలేశాను.

చీర పూర్తయిన రోజు మేమిద్దరం గద్వాలలోనే ఉన్నాం. మామ దాన్ని మగ్గం నుంచి కోసి, మడత కూడా పెట్టకుండా తెచ్చి అత్తమ్మ ఒళ్ళో పడేశాడు.

"సేటుకు వద్దంట. నువ్వే కట్టుకో."

అత్తమ్మ ఆయన ముఖం చూడలేదు, చీరను పొగడనూ లేదు. కొంగు కొస వెతికి పట్టుకుని, అంచును వేళ్ళ మధ్య మెల్లగా జరపడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతోంది.

"ఒక్క తప్పు గూడ దొరకదని చెప్పు మీ అమ్మకు," అన్నాను గర్వంగా.

వేలు ఆగింది. అత్తమ్మ తలెత్తింది. కూతురి వైపు కాదు, నా వైపు చూసింది.

"ఒక్కటి సాలంటివి గద అల్లుడా. గిది చూడు."

ఏడో హంస. దానికి కన్ను లేదు. కన్ను ఉండాల్సిన చోట జరీ కప్పేసింది. అన్ని హంసలకూ అవే అట్టలు, ఒక్కదానికి ఇలా ఎలా అవుతుంది? మామ వైపు చూస్తే ఆయన మగ్గం మీది ఖాళీ కండెలు ఏరుకుంటున్నాడు.

"అట్టకేం తెలుస్తది. గది చేత్తోని ఏసిన," అన్నాడు.

అత్తమ్మ లోపలికి వెళ్ళి పాత చీర తెచ్చింది. కొంగు నుంచి లెక్కపెట్టి ఏడో హంసను నాకు చూపించింది. దానికీ కన్ను లేదు.

"లగ్గం కాయం చేసుకున్నంక నేను గీ గల్లీలకెల్లి పోతుంటి. ఈయన గిదే చీర నేస్తుండు. నేను పోతుంటె తలెత్తి చూసిండు. గంతె, హంస కన్ను పోయింది."

"నేనేం చూడలే," అన్నాడు మామ, కండెల్లోంచి తల ఎత్తకుండా.

"చూసినవ్," అంది అత్తమ్మ. కొత్త చీరను ముఖానికి అదుముకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. అన్నీ ఒక్క తీరు లేవని ఆమె చెప్పింది. దాన్ని నేను వినకుండా చేసింది వాళ్ళింటి పద్ధతి కాదు, నా తొందర.

ఆ మధ్యాహ్నం అత్తమ్మ తలుపు చాటున నిలబడలేదు. గిన్నె తీసుకుని నా విస్తరి దగ్గరికే వచ్చింది. "ఇంకింత పప్పేసుకో అల్లుడా," అంది. ఆరేళ్ళ అలవాటు కదా, నేను భార్య వైపు తిరిగి "చాలని చెప్పు" అన్నాను. మామ అన్నం పొలమారేదాకా నవ్వాడు.

వనపర్తికి రాగానే కంప్యూటరు బిగించాను. స్ప్రెడ్‌షీట్ తెరిచి, ఏడో హంస కంటి గడిలో ఒక X పెట్టాను. తరువాత డేటాబేసు తెరిచి, హంస అంచు ఎదురుగా ఖాళీగా ఉన్న గమనికలో, ఆ మిషనుకు తెలుగు రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఒక్కొక్కటి వెతికి కొడుతూ రాశాను: ఏడో హంసకు కన్ను ఉండదు. దిద్దవద్దు.