బేసినులో రొయ్యపిల్లలు, నెత్తిన మొట్టికాయ

మొన్న మా అల్లుడుగారు చెరువులో వదలడానికి రొయ్యపిల్లల్ని తెచ్చి, కాసిని తెల్ల బేసినులో పోసి, ఫోనుతో ఫోటో తీశారు. పొడవు ఇంత, లావు ఇంత, రంగు ఇంత ముదురు అని ముందే చెప్పిపెడితే, ఆ ఫోను నలుసుల్నీ నాచునీ వదిలేసి ఒక్క పిల్లల చుట్టూనే పచ్చ గీతలు గీసి లెక్క చెబుతుందట. “ఇవన్నీ మీకెందుకు లెండి మావయ్యగారూ,” అన్నారాయన. నాకు నవ్వొచ్చింది. బడి మానేసి మా మేనత్త దగ్గర నేను చదివిన చదువు సరిగ్గా ఇదే.

లెక్కల్లో నాకొచ్చిన మార్కులు చూసి మా నాన్న, ఒక్కరోజు అత్త దగ్గర పనిచెయ్యి, పనికొస్తే సరే, లేకపోతే రేపే మళ్ళీ మాస్టారి ముందు కూర్చోబెడతానన్నాడు. మాస్టారి బెత్తాన్ని తలుచుకుంటూనే వెళ్ళాను.

మీకూ గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రొయ్యపిల్లలు ఉప్పుటేట్లోనే దొరికేవి; అత్త వాటిని పట్టి చెరువులవాళ్ళకి అమ్మేది. వల లాగి వచ్చిందంతా బేసినులో కుమ్మరిస్తే, చేపపిల్లలూ బుల్లి పీతలూ గడ్డీ గాదం మధ్యనుంచి టైగరు రొయ్య పిల్లల్నే ఆల్చిప్పతో ఏరాలి. రెండు బియ్యపుగింజలంత పొడవు, కుట్టుదారమంత లావు, పొట్ట పొడుగునా ఎర్రటి గీత. అత్త చెప్పిన పాఠం ఇంతే.

సాయంత్రం నాన్న వచ్చి నిలబడ్డాడు. అత్త నేను ఏరిన కుండలో వేలు పెట్టి నీళ్ళు గిర్రున తిప్పింది. పిల్లలన్నీ సుడికి ఎదురీదుతుంటే, ఒక్కటి మాత్రం హాయిగా నీళ్ళతోపాటే తిరుగుతోంది. నా నెత్తిన ఠంగుమని అత్త మొట్టికాయ పడింది.

“పిల్లేంట్రా ఇది, గడ్డిపరక!”

బెత్తం కళ్ళముందు ఆడింది. అత్త మాత్రం నాన్నవైపు తిరిగి, “కళ్ళు బాగానే ఉన్నాయన్నయ్యా, బుర్ర సంగతి నీకు తెలిసిందేగా. ఇక్కడే ఉండనీ,” అంది. నా చదువు ఆ పూటతో సుఖాంతమైంది.

ఈ కథంతా అల్లుడుగారికి చెబుతూ, ఫోటోలో ఓ మూల పచ్చ గీతల మధ్యనున్న పిల్లమీద అనుమానమొచ్చి బేసినులో నీళ్ళు తిప్పాను. అది ఈదలేదు. తీసి చూస్తే, పొద్దున్నే రంగేసుకున్న నా మీసంలో వెంట్రుక! కొలతలన్నీ సరిపోయాయి మరి, ఫోను మాత్రం ఏం చేస్తుంది?

“మీ మేనత్తగారుంటే ఈ ఫోన్నేం చేసేవారండీ?” అన్నారు అల్లుడుగారు, నవ్వు ఆపుకోలేక.

రేపోమాపో ఫోను మీసాన్నీ గుర్తుపట్టడం నేర్చుకుంటుంది, నాకేం అసూయ లేదు. కాకపోతే పాపం, దాన్ని మొట్టేవాళ్ళూ లేరు, మొట్టాక వెనకేసుకొచ్చేవాళ్ళూ లేరు. నాకు మాత్రం ఇప్పుడెవరున్నారు గనక? ఆ మొట్టికాయ పడ్డచోట జుట్టు కూడా మిగల్లేదు. ఏదైనా పొరపాటు చేసినప్పుడు చెయ్యి మాత్రం తనంతట తనే అక్కడికి పోయి తడుముకుంటుంది.