పాత కార్డు, పాత పగ

పోయిన వారం మా అమ్మాయి ఇంట్లో టీవీ చూస్తుంటే, తెర మీద ఉన్నట్టుండి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వేయమంటారా అని అక్షరాలు పడ్డాయి. అల్లుడు రిమోట్ అందుకోబోయాడు. "ముట్టకు బిడ్డా!" అని నేను అరిచిన అరుపుకు అమ్మాయి గరిటె చేత్తో పట్టుకునే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. అల్లుడు నవ్వి, ఏమీ కాదని మీట నొక్కాడు. నిజంగానే ఏమీ కాలేదు. టీవీ కాసేపు నల్లబడి, మళ్లీ ఎప్పటిలా వెలిగింది. వాళ్లిద్దరూ ఆ రాత్రి భోజనాల దాకా నన్ను తలచుకుని నవ్వుతూనే ఉన్నారు. నవ్వనీ, వాళ్లకేం తెలుసు? నా వయసువాళ్లు, అందులోనూ చిన్న ఊళ్లలో కంప్యూటర్ ముందు కూర్చుని బతుకు వెళ్లదీసినవాళ్లు, ఆ అరుపు ఎక్కడినుంచి వచ్చిందో ఇట్టే గ్రహిస్తారు. ముందే చెబుతున్నాను, ఇది క్షమించిన కథ కాదు. కాలం గడిస్తే పగ చల్లారుతుందని పెద్దలంటారు. నాది చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

నేను పుట్టింది మోత్కూర్ దగ్గర పల్లెలో, మెట్టింది కొత్తకోటలో. మా ఆయన ఫోటోగ్రాఫర్. బజారులో ఆయన పేరు మీదనే స్టూడియో ఉండేది. ఆయన తమ్ముడు, అంటే మా మరిది, కెమెరా పట్టుకుని పెళ్లిళ్లకు తిరిగేవాడు. మా ఆయనకు కంప్యూటర్ల పిచ్చి. పెళ్లి వీడియోలను కత్తిరించి, పాటలు వేసి, దండలూ పూలరేకులూ తెర మీద రాల్చే పనిని మేము మిక్సింగ్ అనేవాళ్లం. ఆ పని సాఫీగా సాగాలంటే కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు మంచిది ఉండాలని, హైదరాబాద్ వెళ్లి ఒకటి కొని, బస్సులో పసిపిల్లను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ఆయన పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని చూస్తూ చూస్తూ నేనూ ఆ పని నేర్చుకున్నాను. కొన్నాళ్లకు ఆయన కన్నా నా చెయ్యే బాగా నడిచేది. బొమ్మ ఎక్కడ తుంచాలో కంటికి తెలియడం ఒక ఎత్తు. ఎవరిని తుంచకూడదో తెలియడం ఇంకో ఎత్తు. మేనమామ బట్టలు పెట్టే చోట ఒక్క క్షణం తగ్గిందా, ఆ ఇంట్లో ఏడాది పొడుగునా మాటలుండవు. పెళ్లివారి ఇళ్ల సంగతులన్నీ నాకు అట్లా తెర మీదనే తెలిసేవి.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్లలోనే, ఒక పొద్దున మా ఆయన స్టూడియోకు తాళం తీస్తూ తీస్తూ కూలబడిపోయాడు. దవాఖానకు చేరేలోపే అంతా అయిపోయింది. దినాలు ముగిసిన మర్నాడు మా ఇంటి వాకిట్లో నలుగురు పెద్దలు కూర్చున్నారు. స్టూడియో, కొత్త కెమెరాలు, కొత్తగా కొన్న కంప్యూటరు, చివరికి మా ఆయన పేరు రాసిన బోర్డు, అన్నీ మరిది కిందికే పోయాయి. నడిపేది అతనే కదా అన్నారు. అమ్మాయిని, నన్ను అతనే చూసుకుంటాడు కదా అన్నారు. నేను ఒక్కటే అడిగాను, మేమిద్దరం పక్కపక్కన కూర్చుని పనిచేసిన పాత కంప్యూటర్ నాకు ఇమ్మని.

మరిది నవ్వాడు. "గా మిషన్‌తోని నువ్వేం జేస్తవ్ వదినా? మంచి కుట్టుమిషన్ కొనిస్త, ఇంటికాడ కూసోని కుట్టుకో."

"నాకు గదే కావాలె," అన్నాను.

సరేనన్నాడు. పైగా రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని, లోపల దుమ్ము దులిపించి, కంప్యూటర్‌ను నడిపే కొత్త సాఫ్ట్‌వేర్ వేయించి మరీ పంపుతానన్నాడు. వదిన మీద ఎంత మమకారమో చూడండని పెద్దలు తలలూపారు. ఆ తలలూపడం నాకింకా కళ్ల ముందే ఉంది.

స్టూడియోకు సరిగ్గా ఎదురుగా, చెప్పుల దుకాణం మీద ఒక చిన్న గది కిరాయికి దొరికితే అందులో పెట్టుకున్నాను మిషన్. కొల్లాపూర్‌లో మా ఆయన స్నేహితుడు ఒకాయన ఉండేవాడు, ఆయనా ఫోటోగ్రాఫరే, నేను అన్న అని పిలిచేదాన్ని. ఆయన మొహమాటానికో, జాలికో ఒక పెళ్లి వీడియో పని తెచ్చి నా చేతిలో పెట్టాడు. పదహారు రోజుల పండుగనాడు చుట్టాలందరి మధ్య వేసి చూసుకుంటారట, ఆ రోజుకు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఆ చేతిపని మొగుడితోనే పోయిందని నాలుగు ఊళ్లూ అనుకుంటాయి, ఇంకెవరూ నా మెట్లెక్కరు.

మిషన్ ఆన్ చేసి చూస్తే తెర మీద అక్షరాలు గుమ్మడికాయలంత ఉన్నాయి. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ తెరవబోతే, కార్డు కనబడడం లేదని చెప్పి మూసుకుపోయింది. మరిదికి మిషన్లు చూసే మెకానిక్కే వచ్చి, మూత విప్పి, అటూ ఇటూ చూసి, "కార్డు సచ్చిపోయిందక్కా, కొత్తది ఏసుకోవాలె," అని వెళ్లిపోయాడు. కొత్తది కొనే స్తోమత నాకెక్కడిది? అతను వెళ్లాక నేనే కార్డు ఊడదీసి, దాని అంచునుండే బంగారు పళ్లను మా అమ్మాయి రబ్బరుతో రుద్ది, మళ్లీ బిగించాను. మార్పేమీ లేదు. అయితే ఒక సంగతి గమనించాను. మిషన్ ఆన్ చేయగానే, సాఫ్ట్‌వేర్ ఇంకా మొదలుకాక ముందు, కంపెనీ గుర్తు తెర మీద చక్కగా, స్పష్టంగా వస్తోంది. కార్డు చచ్చిపోయి ఉంటే ఆ గుర్తు మాత్రం ఎట్లా వస్తుంది? మనిషి బతికే ఉన్నాడు, కొత్తగా వచ్చినవాడికి అతని మాట అర్థం కావడం లేదు, అంతే అనుకున్నాను.

కార్డుకూ కంప్యూటర్‌కూ మధ్య దుబాసీ లాంటిది ఒకటి ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. కొత్త సాఫ్ట్‌వేర్ తనతో పాటు కొత్త డ్రైవర్‌ను తెచ్చుకుంది, దానికి మా పాత కార్డు భాష రాదు. పాత డ్రైవర్ కోసం వెతుకుతున్నానని ఫోన్‌లో చెబితే మా అమ్మ, "పాతోడే కావాలంటే పోయి బతిలాడి తోల్కరారాదు బిడ్డా, ఎంతైనా బండి అలవాటైనోడు," అంది. ఆయన పోయిన తర్వాత నేను మొదటిసారి నవ్వింది ఆ మాటకే.

కార్డు కంపెనీ వాళ్లు ఆ కార్డును ఎప్పుడో వదిలేశారు కానీ, దానికోసం చివరగా చేసిన డ్రైవర్‌ను మాత్రం ఇంటర్‌నెట్‌లో ఒక మూల అట్టే పెట్టారు. నెట్ కోసం డాంగిల్ పెట్టుకుని, నత్తనడక నెట్‌లో దాన్ని దింపి వేశాను. అక్షరాలు చిన్నవయ్యాయి, రంగులు తేరుకున్నాయి, పెళ్లికూతురు తెర మీద తలెత్తి నవ్వింది. ఆనందంతో ఏడ్చాను. మర్నాడు వచ్చి మిషన్ ఆన్ చేస్తే మళ్లీ గుమ్మడికాయలు. మళ్లీ వేశాను, మళ్లీ పోయింది. పిచ్చిపట్టినట్టయింది. పండుగ దగ్గర పడుతోంది, కిటికీలోంచి చూస్తే ఎదురుగా మరిది గల్లాపెట్టె దగ్గర కూర్చుని టీ తాగుతూ, నా కిటికీ వైపు చూసి చెయ్యి ఊపుతున్నాడు. ఆ ఊపిన చేతిని చూస్తుంటే నాకు తట్టింది. నేను వెళ్లాక ఎవరో వచ్చి మారుస్తున్నట్టుందే అని. ఆ రాత్రి కదలకుండా మిషన్ ముందే కూర్చుని చూశాను. ఎవరో కాదు, ఆ కంప్యూటరే. నెట్ దొరికినప్పుడల్లా, నేను వేసిన పాత డ్రైవర్‌ను తీసిపారేసి తన కొత్త డ్రైవర్‌ను తెచ్చుకుంటోంది. డాంగిల్ పీకేశాను. కొత్త డ్రైవర్‌ను ఆనవాలు లేకుండా తుడిచి, పాతది వేసి, దానంతట అది మార్చుకునే మీట ఎక్కడుందో వెతికి పట్టుకుని ఆపేశాను. ఇక కదలలేదు. పండుగకు ముందు రోజే కొల్లాపూర్ అన్న చేతిలో పెళ్లి పెట్టాను.

ఆ వారంలోనే మెకానిక్ చెప్పుల కోసం కింది దుకాణానికి వచ్చి, పాట వినబడితే పైకెక్కి వచ్చాడు. తెర మీద పూలరేకులు రాలుతుండగా చూసి నోరు తెరిచాడు.

"ఎట్ల నడిపిచ్చినవక్కా? గీ కార్డు కొత్తదాంట్ల నడవదని నీ మరిదికి ముందుగాలే జెప్పిన గదా!"

అని నాలుక కరుచుకున్నాడు. నేను కోప్పడలేదు. కూర్చోబెట్టి, టీ తెప్పించి, మెల్లగా అడిగాను. చివరికి చెప్పాడు. నడవదని ఇతను చెబితే, గందుకే ఎయ్యమంటున్న అన్నాడట మరిది. నాకు కార్డు చచ్చిందని చెప్పమన్నదీ అతనేనట.

ఆ రోజునుంచి నేను మనిషినే మారిపోయాను. అంతవరకూ బతకడానికి పనిచేశాను, ఆ తర్వాత అతన్ని ఓడించడానికి పనిచేశాను. రెంటికీ ఎంత తేడా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుసు. వీడియో ఇవ్వడానికి అతను నెల అంటే నేను వారం అన్నాను. అతని దగ్గరికి వెళ్లే ఫోటోగ్రాఫర్ల భార్యలను పండుగలకు ఇంటికి భోజనానికి పిలిచాను, పిల్లల పుట్టినరోజులకు ఊరికే ఆల్బములు చేసిచ్చాను. ఒక్కొక్కరే రోడ్డు దాటి ఇటువైపు వచ్చారు. ఎవరైనా సంచితో అతని గుమ్మం దిగి నా మెట్లెక్కిన రోజు కిటికీ రెక్కలు బార్లా తెరిచి, పాట గట్టిగా పెట్టేదాన్ని. చిన్నబుద్ధి అంటారా? అనండి.

కొన్నేళ్లు గడిచాయి. అతను కొత్తదని మురిసిన మిషన్ కూడా పాతబడింది, దానికి కూడా ఒకనాడు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చి దానంతట అదే ఎక్కింది. నిండు పెళ్లిళ్ల కాలం. ఒక పెద్దింటివారి వీడియో సగంలో ఉంది, వాళ్ల మనుషులు దుకాణంలోనే బెంచీ మీద కూర్చున్నారు. మెకానిక్ చేతులెత్తేసి, పైన అక్కకు తెలుసు అన్నాడట. మధ్యాహ్నం ఎండలో మరిది నా మెట్లెక్కాడు.

"వదినా, జర కిందికి రా. మిషన్ మొరాయించింది."

"మిషన్నే పైకి తే," అన్నాను.

భుజాన మోసుకుని రోడ్డు దాటి తెచ్చాడు. బల్ల మీద పెట్టి చెమట తుడుచుకుంటుంటే అడిగాను, నాకిచ్చే మిషన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎందుకు వేయించావని. 

"పాత ముచ్చట ఇప్పుడెందుకు వదినా?"

"నాకింకా పాతది గాలే."

తల దించుకునే చెప్పాడు. "నీతోని గాక, మల్ల నా దగ్గరికే వస్తవనుకున్న. నీ అసొంటి చెయ్యి ఈ బజార్ల ఎవ్వరికీ లేదు. జీతానికి కూసోబెట్టుకుందామనుకున్న."

ఇన్నాళ్లూ నేను చేతకానిదాన్ననుకుని చేశాడనుకున్నాను. చేతనవునని తెలిసి, ఆ చేతులు తన కింద ఉండాలని చేశాడు. అప్పుడు నాకు మరింత మండింది.

"నడిపిచ్చిస్త. ముందు మీ అన్న పేరున్న బోర్డు దించి నాకు తెచ్చియ్యి."

"గా బోర్డు జూసే గదా వదినా గిరాకీ వచ్చేది!"

"గందుకే," అన్నాను.

బజారంతా చూస్తుండగా నిచ్చెన వేసుకుని తన చేతులతో తనే దించాడు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లు గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చారు. మా అత్త దుకాణం అరుగు మీద కూర్చుని ఉంది. చెంగుతో బోర్డు మీది దుమ్ము తుడిచింది, పెద్దకొడుకు పేరు ఉన్న చోట రెండుసార్లు తుడిచింది. నా ప్రాణం చివుక్కుమంది. అయినా మనసు మార్చుకోలేదు.

మిషన్ సంగతా? టీ చల్లారేలోపు అయ్యే పని. పొద్దుగూకేదాకా చేశాను. తెర అతని వైపు తిప్పకుండా, మధ్యమధ్యలో నిట్టూరుస్తూ, అతన్ని ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టి చేశాను. ఎట్లా చేశానో చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు.

పేరు లేని దుకాణం ఎంతోకాలం నిలవలేదు. అతను మహబూబ్‌నగర్‌లో ఎవరి దగ్గరో కెమెరామన్‌గా చేరాడు. నా గెలుపూ మరీ అంత పొడుగు కాలేదు. ఫోన్లు వచ్చాయి, పెళ్లి మొత్తం అర నిమిషంలో చూసుకునే రోజులు వచ్చాయి, మూడు గంటల వీడియో చేయించుకునేవాళ్లు తగ్గి తగ్గి చివరికి లేకుండాపోయారు. నేనూ గది ఖాళీ చేశాను. పోయినేడు ఒక చావు దగ్గర మరిది కనబడ్డాడు, జుట్టంతా తెల్లబడింది. "బాగున్నవా వదినా," అన్నాడు. "ఉన్న," అన్నాను. అంతకు మించి ఒక్క మాట ఇవ్వడానికి నాకు మనసు రాలేదు.

ఇప్పటి పిల్లలకు కోపమొస్తే ఫోన్‌లో నంబరు ఆపేస్తారట, అంతటితో ఆ మనిషి లేనట్టే. వస్తువుతో విసుగొస్తే కొత్తది కొంటారు, మనిషితో విసుగొస్తే ముఖం చూడడం మానేస్తారు. సుఖమే అనుకుంటాను. మేము అట్లా కాదు, శత్రువుకు ఎదురుగా కిరాయికి గది తీసుకుని, ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ బతికాం. పొద్దున్నే అతని షట్టర్ లేచిన చప్పుడు వినబడితే చాలు, జ్వరంతో పడుకున్నదాన్ని కూడా లేచి, ముఖం కడుక్కుని, జడ వేసుకుని మెట్లెక్కేదాన్ని. స్టూడియో ఉన్న చోట ఇప్పుడు అద్దాల బట్టల దుకాణం వెలిసింది, దానితో నాకు ఏ తగాదా లేదు. ఈ మధ్య చాలా ఆలస్యంగా లేస్తున్నాను.