చప్పుడు చేయని బండి

పోయిన నెల ఒక పొద్దున మా ప్రెసిడెంటన్న నిద్రలోనే చనిపోయాడు. ఆ సంగతి నాకు చెప్పింది పాలమనిషి. "సార్, ప్రెసిడెంటు ఇంక లేడంట" అన్నాడు. మా రెండిళ్లకూ మధ్య ఉన్నది ఒక్క గోడ. గోడ అవతలి మనిషి పోతే పాలమనిషి వచ్చి చెప్పాల్సి వచ్చిందే అని ముందు నాకు కోపమే వచ్చింది. ఏడుపు తర్వాత వచ్చింది.

ఆయన మండల ప్రెసిడెంటు పదవి దిగిపోయి చాలా ఏళ్లయింది. అయినా ఊరికి ఆయన ప్రెసిడెంటే. మా వైపు నాయకుడంటే ముందు బండి, ఆ తర్వాతే మనిషి. అందుకే ఆయన జీపుకు సైలెన్సర్ పీకించి పెట్టుకున్నాడు. తనకల్లు రోడ్డు మలుపులో అది అరిచిందంటే ఊళ్లో సగం పనులు ఆగిపోయేవి. పింఛను రాలేదని ఒకరు, బోరు ఎండిపోయిందని ఒకరు, కోడలు మాట వినడం లేదని ఒకరు ఆయన వసారాకు చేరేవాళ్లు. ఆ చప్పుడు వినే వదిన టీకి నీళ్లు పెట్టేది.

హైవే పక్కన కార్ల ఫ్యాక్టరీ వస్తుందన్నప్పుడు, వాన రాక వేరుశనగ ఎండబెట్టుకున్న రైతుల ఇళ్ల చుట్టూ తిరిగి దానికి భూములు ఇప్పించింది ఆయనే. ఫ్యాక్టరీ వచ్చింది, కొందరు పిల్లలకు ఉద్యోగాలూ వచ్చాయి. మేమంతా అక్కడితో అయిపోయిందనుకున్నాం. ఆయన అనుకోలేదు. ఒక సభకు మంత్రి వస్తే మైకు అందుకున్నాడు.

"అయ్యా, మేం భూములిచ్చింది పొగ కక్కే బండ్లకే అయితే మా మనవళ్ల కాలానికి ఈడ గేటుకు తాళమే మిగులుతాది. కరెంటు బండ్లు ఈడే చేయించండి. ఎండ మాకాడ కావల్సినంత ఉండాది, కరెంటు దాంట్లోనే తీయొచ్చు."

మంత్రి నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. తర్వాతి సభలో మా అన్న కుర్చీ వెనక వరుసకు పోయింది. ఆ పై సభకు పిలుపే రాలేదు.

చెప్పినవాడు ముందు చేసి చూపాలని జీపు అమ్మేసి కరెంటు కారు కొన్నాడు. రాజకీయం తెలిసిన మనిషి చేయకూడని పని అది. ఆ కారుకు చప్పుడు లేదు. జనం జీపు అరుపుకు అలవాటుపడి చావడిలో చెవులు రిక్కించుకుని కూర్చుంటే, ఈయన ఎప్పుడో వచ్చేసి వసారాలో వాళ్ల కోసం ఎదురుచూసేవాడు. వదిన కూడా తలుపు తీసి ఉలిక్కిపడేది. "అయ్యో, ఎప్పుడొస్తివి?" అనేది. మెల్లగా జనం పక్క ఊరి నాయకుడి వైపు మళ్లారు. ఆయన బండి మా ఊరి దాకా వినిపించేది.

"ఏమన్నా, హారనన్నా కొట్టగూడదా? మేళం పెట్టుకోమంటాండానా నిన్ను?" అన్నాను ఒకరోజు.

"ఇన్నేండ్లూ నా కోసం వచ్చినారో, జీపు కోసం వచ్చినారో తెలీలేదప్పా. ఇప్పుడు తెలుస్తాండాది" అన్నాడు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

వదిన పోయాక ఆ వసారా మరీ బోసిపోయింది. ఎవరైనా బండికి చార్జింగు పెట్టుకోవచ్చని ప్రహరీగోడకు బయటివైపు ప్లగ్గు బిగించాడు. వచ్చింది ఒక్కతే, ఫ్యాక్టరీకి ఆడపిల్లలను తీసుకెళ్లే కరెంటు ఆటో అమ్మాయి. ఆమె వస్తే చాలు, కుర్చీ ఆయనే తెచ్చి వేసేవాడు. ఉడకబెట్టిన శనక్కాయలు చేతిలో పోసి, "ఎండకు బ్యాటరీ యాడన్నా మొండికేస్తాందా పాపా?" అని అడిగేవాడు. ఒకప్పుడు మండలమంతా కదిలొచ్చిన దర్బారు ఆఖరికి అంతకు వచ్చింది.

పోయిన ఏడాది ఆ ఫ్యాక్టరీలోనే కరెంటు కార్లు మొదలుపెట్టారు. ఆయనకు కబురు రాలేదు. ఇద్దరం టీవీలో చూశాం. రిబ్బను దగ్గర పక్క ఊరి నాయకుడు నిలబడి ఉన్నాడు. "పోనీలేప్పా, బండ్లయితే వచ్చినాయి గదా" అని అన్న లేచి టీవీ ఆపేశాడు. ఆయన్ని అంత ఒంటరిగా నేనెప్పుడూ చూడలేదు.

ఆయన పోయిన రోజు ఆ నాయకుడి బండ్లు ఊరు అదిరేలా వచ్చి, దండ వేసి, అదే చప్పుడుతో వెళ్లిపోయాయి. కర్మలయ్యాక అన్న అల్లుడు ఆ కరెంటు కారును బెంగళూరుకు తీసుకెళ్లాడు. మర్నాడు ఆటో అమ్మాయి వైరు చేతపట్టుకుని గోడ దగ్గర నిలబడి ఉంది.

"పెట్టుకోవచ్చా సార్?"

"పెట్టుకోమ్మా" అని కుర్చీ తెచ్చి వేశాను. ఆమె కూర్చోలేదు.

జీపు కాలమే అయితే, చప్పుడు వినపడలేదు కాబట్టి అన్న ఇంకా రాలేదులే అని ఇంట్లో ఉండిపోయేవాణ్ణి. చప్పుడు లేని బండాయె, ఇప్పుడట్లా తేల్చుకోవడానికి లేదు. పొద్దు వాలితే లేచి వెళ్లి, గోడ మీదుగా ఆయన వాకిట్లోకి ఒకసారి చూసి వస్తున్నాను.