స్వదస్తూరీ నిబంధన

2006 ఆగస్టులో నన్ను నియామకాల విభాగానికి సీనియర్ మేనేజరుగా వేశారు. ఓడరేవుకూ ఉక్కు కర్మాగారానికీ క్రేన్లు తయారుచేసి ఇచ్చే మా సంస్థ విశాఖపట్నంలో పెద్దదేమీ కాదు. కానీ ప్రభుత్వ సంస్థ కాబట్టి మా ఉద్యోగ ప్రకటన పేపర్లో పడితే శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా కుర్రకారు కదిలేది. అప్పటివరకు దరఖాస్తులు గోనెసంచుల్లో వచ్చేవి. వాటిని విప్పి, పరిశీలించి, అర్హత లేనివి ఏరెయ్యడానికే నెలలు పట్టేది. ఆ ఏడు జూనియర్ అసిస్టెంట్ల నియామకానికి మొదటిసారిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకోవాలని యాజమాన్యం నిర్ణయించింది. నా సర్వీసులో మరే పనికీ నేను అంత ఉత్సాహంగా ఆఫీసుకు వెళ్ళలేదు.

దానికి కారణం కొంత మా ఇల్లు. మాది ఒకప్పటి జమీందారీ కుటుంబం. నేను పుట్టేనాటికే భూములు పోయాయి, దివాణం జనపనార గోదాము అయింది. ఆస్తి పోయాక ఇంట్లో మిగిలింది ఒక్క కట్టుబాటు: ఎవరినీ సాయం అడగకూడదు, అడగకుండా వచ్చిన సాయం పుచ్చుకోకూడదు. నా ప్రమోషను ఫైలు ఎవరి బల్ల మీద ఉందో కూడా నేను ఏనాడూ వాకబు చెయ్యలేదు. కంప్యూటరు దగ్గర ఎవరి సిఫార్సూ చెల్లదన్న సంగతి నాకు బాగా నచ్చింది.

గడువు శనివారం సాయంత్రం ఐదు గంటలకు ముగుస్తుంది. ఆ ముందు బుధవారం ఉదయం తెల్ల కర్ర పట్టుకుని ఒక ఆమె నా గదికి వచ్చింది. పేరు ఎస్తేరు. కంచరపాలెం రైల్వే గేటు దగ్గర ఎస్టీడీ బూత్ నడుపుతోంది. అంధుల శిక్షణ కేంద్రంలో కంప్యూటరు నేర్చుకుంది. మా ఖాళీల్లో ఒకటి చూపులేనివారికి కేటాయించాం. ఆమె దాని కోసం వచ్చింది.

"మీ సైటు నన్ను రానివ్వట్లేదండి. ఆదివారం నుంచి కొడతన్నాను" అంది. వచ్చే ప్రకటన నాటికి తనకు వయసు దాటిపోతుందనీ, బూత్ మీద ఇక ఆశ లేదనీ చెప్పింది. "సెల్లులొచ్చాక మా బూత్ కాడికి వానకి ఆగినోళ్ళు తప్ప ఎవులూ రావట్లేదండి."

సైటు తయారుచేసిన కంట్రాక్టు కంపెనీ తరఫున అప్పల్రాజు అనే ప్రోగ్రామరు మా ఆఫీసులోనే కూర్చునేవాడు. కూర్మన్నపాలెం కుర్రవాడు, పనిమంతుడు, నోరు ఆగదు. అతన్ని పిలిపించాను. "దీనికేటుందక్కా, మీ తమ్ముడి సేత నింపించెయ్, అయిపోద్ది" అన్నాడు.

"నింపుతాడు బాబూ. రేపు ఉజ్జోగం వొత్తే ఆడే వొచ్చి సేత్తాడేటి?" అంది ఎస్తేరు.

అప్పల్రాజు తన కంప్యూటరు ఆమె వైపు జరిపాడు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, చూపులేనివారు దాన్ని వింటూ కీబోర్డుతోనే పని చేస్తారు. దాన్ని ఎక్కించి ఆమెను కూర్చోబెట్టాం. ఆమె మీట నొక్కిన కొద్దీ స్పీకరు "ఎడిట్, ఎడిట్, ఎడిట్" అంటోంది. ఏ గడిలో పేరు రాయాలో, ఏ గడిలో తండ్రి పేరు రాయాలో చెప్పదు. గడుల పక్కన ఉన్న పేర్లు చూసేవాళ్ళకు కనిపిస్తాయి గానీ లోపల గడికీ పేరుకీ ముడి వెయ్యలేదు. పుట్టినతేదీకి పెట్టిన క్యాలెండరు మౌసుకు తప్ప లొంగదు. చివర్లో వంకర అక్షరాల బొమ్మ ఒకటి ఉంది. దరఖాస్తు నింపుతున్నది మనిషే, యంత్రం కాదు అని తేల్చుకోవడానికి ఆ అక్షరాలు చూసి కొట్టమంటుంది. అక్కడికి వచ్చేసరికి స్పీకరు "గ్రాఫిక్" అని ఊరుకుంది.

"అంటే నాను మనిషిని కాదని మీ సైటు తేల్సేసిందండి" అంది ఎస్తేరు.

సంగతిని మా డిప్యూటీ జనరల్ మేనేజరుకు నివేదించాను. కృష్ణా జిల్లా మనిషి, మనసు మంచిది, పని వేగం. మర్నాడు ఉదయానికల్లా కింద హాల్లో కౌంటరు వెలిసింది. వికలాంగుల సహాయ కేంద్రం అని బ్యానరు కట్టారు, ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, కొబ్బరికాయ కొట్టారు. దరఖాస్తు నింపిపెట్టడానికి ఒక గుమాస్తాను కూర్చోబెట్టారు. మా సంస్థలో ఏ ఇబ్బంది వచ్చినా అంతే: ముందు ఒక కౌంటరు తెరిచేవాళ్ళం. ఆన్‌లైన్ దరఖాస్తుకు కూడా కౌంటరే తెరిచామన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

నేను రమ్మంటే వచ్చిన ఎస్తేరు బల్ల అంచు తడిమి, ఇది దేనికని అడిగింది. చెప్పాను. "అందరికీ ఇంటి కాడ, మాకు కౌంటరు కాడానా అండి?" అంది.

మా తాతగారు చెప్పిన మాట గుర్తొచ్చింది. దివాణానికి అర్జీ పెట్టుకునే రైతు చెబుతుంటే గుమాస్తా రాసేవాడట, రైతు వేలిముద్ర వేసేవాడట. ఏం రాశాడో రైతుకు తెలిసేది కాదు. మా ఇంట్లో అది పద్ధతిగా నడిచింది. నా ఆఫీసులో నడవకూడదనుకున్నాను.

గదికి వెళ్ళి నోట్ షీట్ తీశాను. నోట్ షీట్ అంటే ఫైల్లో కిందివారు ప్రతిపాదన రాసి పైవారి సంతకానికి పంపే కాగితం. రాసేముందు మా ప్రకటనను మొదటి నుంచి చివరి దాకా చదివాను. షరతుల్లో ఒక వాక్యం కనబడింది: అభ్యర్థి దరఖాస్తును స్వదస్తూరీతో నింపవలెను, అన్యులు నింపినచో తిరస్కరింపబడును. కాగితాల కాలం నాటి వాక్యం అది. పాత ప్రకటనను ఎత్తిరాసినప్పుడు దాన్ని కూడా ఎత్తిరాశాం. నాకు కుర్చీలోంచి లేవాలనిపించింది. మా కౌంటరులో మా గుమాస్తా నింపే ప్రతి దరఖాస్తూ మా షరతు ప్రకారమే చెల్లదు.

కౌంటరు కాదు, సైటునే సరిచెయ్యాలని నోట్ రాసి, ఫైలు నేనే పట్టుకుని డీజీఎం గది బయట నిలబడ్డాను. నా సర్వీసులో అలా నిలబడడం అదే మొదలు.

ఆయన చదివి, "ఆ వాక్యం కొట్టేస్తే సరిపోతుంది కదండీ" అన్నారు. కొట్టేయాలంటే సవరణ ప్రకటన వెయ్యాలనీ, గడువు పెంచాలనీ, రెండింటికీ బోర్డు ఆమోదం కావాలనీ మనవి చేశాను. సైటు సరిచెయ్యడానికైతే ఆయన సంతకం చాలు. వంకర అక్షరాల బొమ్మ తీసేస్తే దొంగ దరఖాస్తులు వచ్చిపడతాయని ఆయన భయపడ్డారు. దాని బదులు చిన్న కూడిక లెక్కను అక్షరాల్లో అడగవచ్చని అప్పల్రాజు చెప్పిన ఉపాయం వివరించాను. ఆయన పెన్ను తీశారు. "మీ జమీందార్లు కోర్టుల చుట్టూ తిరిగి ఆస్తులు పోగొట్టుకున్నారంటే ఊరికే కాదండీ" అంటూ సంతకం పెట్టారు.

శుక్రవారమంతా పండగలా గడిచింది. సరిచేసింది పరీక్షించడానికి వచ్చిన ఎస్తేరు మానిటరు ఆపెయ్యమంది. తనకు దాంతో పనిలేదనీ, ఉంటే మేం దాన్ని చూసి తొందరపడుతున్నామనీ ఆమె వాదన. మేం కూడా చెవులతోనే విన్నాం. ఒక్కో గడికి పేరు ముడిపడుతున్న కొద్దీ స్పీకరు "పేరు" అంది, "తండ్రి పేరు" అంది. పుట్టినతేదీని కీబోర్డుతో కొట్టే వీలు వచ్చింది. నిదానంగా వింటూ నింపేవాళ్ళను మధ్యలో బయటికి నెట్టెయ్యకుండా సమయం పెంచాం. సర్వరు దగ్గరున్న సహోద్యోగికి అప్పల్రాజు ఫోను మీద ఫోను చేశాడు: "బావా, టిఫినీ తరవాత తిందువుగానీ, ముందు ఇది ఎక్కించు."

దరఖాస్తు అక్కడే పంపించెయ్యమన్నాను. ఎస్తేరు ఒప్పుకోలేదు. అందరిలాగే బయటి నుంచి, ఆ చదివే సాఫ్ట్‌వేర్ ఉన్న కంచరపాలెం నెట్ సెంటరు నుంచి పంపుతానంది.

శనివారం మధ్యాహ్నం కంచరపాలెంలో కరెంటు పోయింది. నాలుగు దాటాక బూత్ నుంచి ఫోను చేసి చెప్పింది. జీపు పంపమంటారా అని అడిగాను. "వొద్దండి. మా కంచరపాలెం కరెంటు సంగతి నాకు తెల్దా, వొత్తాది" అని పెట్టేసింది. ఆ జవాబు మా ఇంటి జవాబే. మళ్ళీ అడగలేదు. అప్పల్రాజూ నేనూ వచ్చిన దరఖాస్తుల పట్టిక ముందు కూర్చున్నాం. పేర్లు పడుతూనే ఉన్నాయి, ఆమె పేరు లేదు. నేను గడియారం చూడడం మానేశాను. అప్పల్రాజు మానలేదు. ఇంకో పది నిమిషాల్లో గడువు ముగుస్తుందనగా కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. "వొచ్చేసింది సార్. అక్క వొచ్చేసింది."

ఒక్క గడిలోనూ తప్పు లేదు.

ఆనందపురం నుంచి ఒకటి, మరో రెండు చోట్ల నుంచి ఇంకొన్ని, చూపులేనివారి దరఖాస్తులు ఆ చివరి రోజునే వచ్చాయి. ఉన్న ఒక్క పోస్టుకూ వాళ్ళంతా పరీక్ష రాశారు. ఎస్తేరుకు వచ్చింది. అది ఆమె మార్కులతో వచ్చింది, అందులో మా వాటా ఏమీ లేదు. మేం చేసింది మా షరతును మేం పాటించడమే.

నేను రిటైరయ్యేదాకా ప్రతి ప్రకటనకూ ముందు మానిటరు ఆపేసి, దరఖాస్తును మొదటి నుంచి చివరిదాకా నింపించేవాణ్ణి. నిండితే ప్రకటన పేపరుకు వెళ్ళేది. నిండకపోతే వెళ్ళేది కాదు.