షట్టర్ పైకి లేచిన ఆదివారం

కారు ఇంటికొచ్చిన సాయంత్రం గుమ్మం ముందు ఆపి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, అందరం దాని చుట్టూ తిరిగి తృప్తిగా చూసుకున్నాం. ఆ తర్వాత నాకో సంగతి తట్టింది. ఇంతకీ దీన్ని పెట్టేదెక్కడ?

షెడ్డు లేక కాదు. గోపాలపట్నంలో ఈ ఇల్లు కట్టించినప్పుడే మా మామగారు వీధి వైపు కారు కోసమని ఒక గది వేయించి, దానికి ఇనప షట్టర్ పెట్టించారు. కారు కొనకుండానే ఆయన వెళ్లిపోయారు. గది మాత్రం ఖాళీగా లేదు. ఇల్లు కట్టగా మిగిలిన టైల్సు ముందు చేరాయి. కోడు విరిగిన మంచం, తిరగని కూలరు, టీవీ కొన్నప్పటి అట్టపెట్టె, అందులోని థర్మకోల్‌తో సహా, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మా ఆయన పోర్టులో క్రేన్ల మెయింటెనెన్స్ చూస్తారు. ఏ వస్తువునీ బయటికి పోనివ్వరు. "ఉండనీ, ఎప్పుడో పనికొత్తాది" అంటారు. అలా అంటూ అంటూ సామానంతా లోపలినుంచి షట్టర్‌ని ఆనుకుపోయింది. లోపలికి వెళ్లాలంటే పక్క తలుపులోంచి ఒంటిని ఏటవాలుగా తిప్పి దూరాలి.

ఈ కారు నాది. సెకండ్ హ్యాండ్‌దే, కానీ నాది. స్కూల్లో పిల్లలకి లెక్కలు చెప్పుకుంటూ యాభైకి దగ్గర పడ్డాక, సెలవుల్లో పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. అలాంటి కారు వీధిలో బాదం చెట్టు కింద నిలబడి, పైన కాకులూ పక్కన హైవే దుమ్మూ ఓర్చుకుంటుంటే నాకు నిద్ర పట్టేది కాదు. క్రికెట్ బంతి చప్పుడైతే చాలు, గరిటె చేత్తోనే బయటికి పరిగెత్తేదాన్ని.

ఒక శనివారం అన్నం తింటుండగా చెప్పేశాను. "రేపు షెడ్డు ఖాళీ చేసేత్తన్నాం."

"రేపా? రేపు ఎండెక్కువ" అన్నారాయన, పెరుగు కలుపుకుంటూ.

"తెల్లారగట్టే మొదలెడదాం."

ఆయన ఇంకేదో అనబోయేలోపు పక్క గదిలోంచి మా అత్తగారి గొంతు వినిపించింది. ఆవిడది పద్మనాభం ఊరి వైపు వ్యవసాయ కుటుంబం. ఎనభై దగ్గర పడుతున్నా గొంతు మాత్రం పొలం అవతలి గట్టుకి వినపడేలా ఉంటుంది. "అమ్మీ, నాకు బయట కుర్సీ వెయ్యి. ఏది ఉంచాలో ఏది పారేయాలో నాను సెప్తాను!"

మా ఆయన మొహం చూసి నాకు నవ్వాగలేదు.

తెల్లారేసరికి ముగ్గురం వీధిలో ఉన్నాం. షట్టర్ కదలనంది. సముద్రపు గాలికి ఇనుము పట్టేసింది. కిరసనాయిలు పోశాం, గ్రీజు రాశాం. లోపలికి దూరి దాన్ని ఆనుకున్న సామాను ఒక్కొక్కటే వెనక్కి లాగాం. ఎదురింటాయన వచ్చాడు. మార్కెట్ దగ్గర టీ దుకాణం ఆయనది, మా ఆయన్ని బావా అని పిలుస్తాడు. "బావా, నువ్వా పక్క పట్టు, నానీ పక్క పడతాను" అని లుంగీ బిగించాడు. ఇద్దరూ ఒక్కసారి ఊపిరి బిగపట్టి లేపారు. షట్టర్ రైలు బ్రేకు వేసినట్టు కీచుమంటూ పైకి పోయింది. ఎండ మొత్తం లోపలికి పడింది. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి నిలబడింది.

ఇన్నేళ్లూ ఆ గదికి వెనక గోడ ఉందన్న సంగతే మర్చిపోయాను. అది కాస్త కనిపించేసరికి అక్కడికక్కడే గంతులేయాలనిపించింది.

సామానంతా వీధి అంచున పరిచాం. అత్తగారు కుర్చీలో కూర్చుని చేతికర్రతో చూపిస్తూ తీర్పులు చెప్పారు. "అది తీసీ. అదీ తీసీ. ఆ గ్రైండరు తిరగదు, తీసీ." దాచినవన్నీ కొడుకువి. ఆవిడకి రవ్వంత జాలి లేదు. తుక్కువాడికి వేద్దామనుకున్నాం గానీ, ఎదురింటాయన కూలర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, "బావా, మోటారు మార్పిస్తే ఇది మా దుకాణంలో తిరుగుద్ది కదేటి?" అన్నాడు. ఇచ్చేశాం. అది చూసి పక్కవీధి ఆవిడ టైల్సు అడిగింది, తులసి కోట చుట్టూ వేసుకుంటానంది. కాసేపటికి మా గుమ్మం ముందు చిన్న సంతే అయిపోయింది. జనం వస్తున్నారు, ఎత్తి చూస్తున్నారు, నవ్వుతున్నారు, మోసుకుపోతున్నారు. నేను చెమటలు కక్కుకుంటూ పండగలా తిరుగుతున్నాను.

ఒక్క మా ఆయన మాత్రం రెండు వస్తువులు బయటికెళ్తే ఒకటి మెల్లగా లోపలికి తెచ్చేస్తున్నారు. నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడే ప్రతి ఆదివారం మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ వచ్చింది. వాళ్లింట్లో మగవాళ్లంతా ఇప్పటికీ వేటకెళ్తారు. గంప దించి, మా ఆయన మళ్లీ షెడ్డు మూలకి చేర్చిన లావాటి నైలాన్ తాళ్ల చుట్టల్ని చేత్తో తడిమి చూసింది.

"బాబూ, ఈ తాడు ఇచ్చేత్తారేటి?"

"అది ఇచ్చీది కాదు" అన్నారు మా ఆయన, ఆ చుట్టలకి అడ్డంగా నిలబడి.

"ఏటి సేత్తారు దీన్ని?"

ఆయన పక్కనున్న నీలం నీళ్ల డ్రమ్ముల్లో ఒకదాన్ని బోర్లించి దాని మీద కూర్చున్నారు. తర్వాత చెప్పారు. కొన్నేళ్ల కిందట వచ్చిన పెద్ద తుఫానప్పుడు మేడ మీది రేకులు లేచిపోతుంటే ఇంట్లో మూరెడు తాడు లేదు. వాళ్లనీ వీళ్లనీ అడిగి తెచ్చి కట్టారు. కరెంటు లేక, కుళాయి రాక, పక్కింటివాళ్ల బిందెతో గొంతు తడుపుకున్నాం. "అప్పుడే అనుకున్నాను, ఇంక ఏదీ పారేయకూడదని. గాలివానొత్తే తాడుండాలి కదమ్మా."

ఆ రోజులు నాకూ తెలుసు. ఆ చీకట్లో కొవ్వొత్తి పట్టుకుని ఆయన పక్కనే ఉన్నాను. కానీ ఈ గది నిండడం అప్పటినుంచే అన్న మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. నా చేతిలో చీపురు అలాగే ఆగిపోయింది.

చేపలావిడ మాత్రం తడుముకోలేదు. "గాలివానొత్తే మాకూ బోటు కట్టుకోడానికి తాడే గదా బాబూ కావాలి. మీ షెడ్డులో పడుకుని ఇది ఏటి కట్టుద్ది?"

మా ఆయన ఆవిడ వైపు చూశారు, తాడు వైపు చూశారు. తర్వాత పెద్దగా నవ్వేశారు. "ఒక్క చుట్ట నాకు ఒగ్గీసి, మిగిలిందంతా పట్టుకెళ్లమ్మా!"

ఆవిడ వెంటనే కొడుక్కి ఫోను చేసింది. ఆటో వచ్చేలోపు, వద్దన్నా వినకుండా మా గిన్నెలో కానాగంత చేపలు పోసింది. తాడుతోపాటు డ్రమ్ములూ వెళ్లాయి. ఆటో కదిలాక మా ఆయన వేరే మనిషైపోయారు. ఎవరేం చూసినా "కావాలా? పట్టుకెళ్లండి!" అని తనే మోసుకెళ్లి ఇస్తున్నారు. ఆ ఊపులో నా చేట కూడా ఇచ్చేస్తే పరిగెత్తి తెచ్చుకున్నాను.

చివరికి మూలన ఒక్క అట్టపెట్టె మిగిలింది.

"అదెవులిది?" అన్నారు అత్తగారు.

"నాది" అన్నాను. మా పెళ్లికి పిన్ని ఇచ్చిన పింగాణీ ప్లేట్లు. అంచున సన్నటి నీలం పూలు. పెద్ద చుట్టాలొచ్చినప్పుడు తీద్దామని కట్టు కూడా విప్పలేదు.

"ఇన్నేళ్లూ నీతోనే ఉన్నాను గదా," అన్నారావిడ కర్ర నేలకి ఆనించి. "అంటే నాను సిన్న సుట్టాన్నేటి?"

వీధంతా నవ్వింది. నేను అక్కడే కూర్చుని కట్టు తెంపేశాను. ఒక్కటీ పగల్లేదు!

నేల కడిగి, ఆరాక, తాళం చేతిలోకి తీసుకున్నాను. కారు లోపలికి పెట్టాలి. వీధిలో ఉన్న ప్రతి ఒక్కరూ నాకు దారి చెప్పారు. "రైటుకి తిప్పమ్మా!" "కాదు, లెఫ్టు!" "ఆపీ, ఆపీ!" మా ఆయన షెడ్డులో నిలబడి, పోర్టులో క్రేనుకి చూపించినట్టు చేతులు ఊపుతున్నారు. పిడికిలి బిగిస్తే ఆగమనో, రమ్మనో నాకు తెలియదు. అద్దం దించి అరిచాను. "ఏవండీ, నాను క్రేను కాదు! నోటితో చెప్పండి!"

"మెల్లగా వచ్చీ!" అన్నారాయన నవ్వుతూ.

వచ్చేశాను. ముందు చక్రాలు గడప ఎక్కాయి, వెనక చక్రాలు ఎక్కాయి. ఇంజన్ ఆపాను. ఆ చల్లటి నీడలో ఒక్క క్షణం స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. బయట చప్పట్లు. దిగబోతే నా వైపు గోడ దగ్గరగా ఉండి తలుపు సగమే తెరుచుకుంది. ఊపిరి బిగపట్టి ఎలాగో బయటపడ్డాను. అప్పుడు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం బాగా దాటాక ముగ్గురం నీలం పూల ప్లేట్లలో కానాగంతల పులుసు తిన్నాం. అత్తగారు మారు వడ్డించుకున్నారు.

ఆ ఊపు మా ఆయన్ని వదల్లేదు. తర్వాతి ఆదివారం నేను లేచేసరికే నిచ్చెన వేసుకుని వంటింటి అటక ఎక్కేశారు. దుమ్ములోంచి ఒక పెద్ద ఇత్తడి గంగాళం ముందుకి లాగి, "ఇదిగో, ఇది ఎవులికి కావాలో అడుగు! మనకి దీంతో పనేటి?" అన్నారు ఉత్సాహంగా.

"దించావంటే ఊరుకోను!" వెనకనుంచి అరుపు. అత్తగారు కర్ర పట్టుకుని నిచ్చెన కింద నిలబడి ఉన్నారు. "అది మాయమ్మది! దాని జోలికి రాకు!"

ఆయన దాన్ని వెనక్కి తోసేశారు. ఆ గంగాళం ఇప్పటికీ అటక మీదే ఉంది. దాని చుట్టూ మాత్రం అంతా ఖాళీ.