అవ్వ తూచిన ల్యాప్‌టాప్

అప్పుడప్పుడే చిన్న ల్యాప్‌టాప్‌లు వస్తున్న రోజులు. మా సంస్థ నాకొకటి కొనిచ్చిన కొత్తలో నా కాళ్లు నేల మీద నిలవలేదు. అంతకు ముందు బాగేపల్లి, చింతామణి పల్లెల్లో సర్వేకు పోవాలంటే రెండు సంచుల రిజిస్టర్లు మోసేదాన్ని. ఇప్పుడు ఊళ్లకు ఊళ్లు టిఫిన్ డబ్బా పక్కన, హ్యాండ్‌బ్యాగులోనే పట్టేస్తున్నాయి. బస్సులో పక్క సీటు వాళ్లు అడగకపోయినా తీసి చూపించేదాన్ని.

పట్టుపురుగులు పెంచడానికి షెడ్డు కావలసిన వాళ్ల వివరాలు రాసుకోవడం నా పని. జాబితా ఇవ్వడానికి ఇంకొక్క రోజే గడువుంది. ఆ రోజు చాకవేలు దగ్గరి పల్లెలో పదకొండో ఇల్లు ఒక అవ్వది. ఆమె అప్పటికే రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. రెండుసార్లూ ఆ కాగితం ఏమైందో ఎవరూ చెప్పలేదు. ఏటా ఎండాకాలం ఆమె రేకుల కింద పురుగులు చచ్చిపోతూనే ఉన్నాయి.

"ఏందమ్మా, ఇంత తేలిగ్గా ఉండాదే! దీంట్లో మా ఊరంతా పడ్తాదా?" అంటూ ల్యాప్‌టాప్‌ను అరచేతుల్లో ఆడించి చూసింది. లోపలికి పోయి పట్టుగూళ్లు తూచే స్ప్రింగ్ కాటా తెచ్చింది. "మొదుట తూస్తాం. నాది రాసినాక మళ్లీ తూస్తాం."

నవ్వొచ్చింది. కానీ ఎందుకో నాకూ చూడాలనిపించింది. గుడ్డలో కట్టి వేలాడదీశాం. ముల్లు కిలో దాటి కాస్త దూరంలో ఆగింది. అవ్వ తన పొలం, మల్బరీ తోట, పోయిన పంట అన్నీ చెప్పింది, నేను టైపు చేశాను. మళ్లీ తూచాం. ముల్లు పాత చోటే నిలిచింది.

"గూళ్లు ఒక దినం ఇంట్లో పెట్టుకుంటేనే బరువు తగ్గుతాయి. ఇది ఇంత మింగినా పెరగలే. మరి నేను యాడుండానమ్మా దీంట్లో?"

మెమరీ అనీ, ఫైలు అనీ ఏదో చెప్పాను. చెప్పేకొద్దీ నాకే అనుమానం పట్టుకుంది. నిజంగానే, ఈమె ఇందులో ఎక్కడుంది? నాకెప్పుడూ తోచని ప్రశ్న. బస్సుకు టైమవుతోందని లేచాను. అవ్వ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"రెండుతూర్లు కాగితం పోయె. దీన్నీ నేను నమ్మను. రెండిట్లోనూ రాయి."

కాగితాల పీడ వదిలిందనుకుంటే మళ్లీ ఇదా అని విసుక్కుంటూనే నోటుబుక్కులో కాగితం చించి అంతా రాశాను. ఆమె వేలిముద్ర వేసి, మడిచి, తనే ల్యాప్‌టాప్‌లో పెట్టి మూత మూసింది.

చిక్కబళ్లాపురం బస్సులో పక్కావిడకు గొప్పగా చూపిస్తుండగా తెర నల్లబడింది. చార్జింగ్ అయిపోయింది. ఆఫీసులో వైరు పెట్టి చూస్తే పొద్దున్నుంచి రాసినదేదీ లేదు. ఇంటింటికీ సేవ్ చేసుకోవాలన్న తెలివి నాకు లేకపోయింది.

మర్నాడు మొదటి బస్సుకు, రిజిస్టరు చంకన పెట్టుకుని మళ్లీ పోయాను. పది ఇళ్ల వాళ్లూ ఓపిగ్గా మళ్లీ చెప్పారు. ఒకాయన మాత్రం నా హ్యాండ్‌బ్యాగు వైపు చూసి నవ్వాడు. అవ్వ ఇంటికి పోయే పనే లేదు. అయినా పోయాను, జరిగింది దాచకుండా చెప్పాను. దెప్పుతుందనుకున్నాను.

"అందరూ పోయినారా?" అంది.

"అందరూ పోయినారు. నువ్వుండావవ్వా. నీ కాగితం ఉండాది."

అవ్వ గడప మీద కూర్చుండిపోయింది. నాకు సిగ్గూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి. నాతో కాదు, తనలో తానే అనుకున్నట్టుగా అంది.

"అయితే ఈ తూరి నేను పోలే."